గాలి జల్లెడ కోసం చింతామణి దాకా

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు గంగ గురించి చెబుతారు. రామేశ్వరం వెళ్ళొచ్చినవాళ్ళు సముద్రం గురించి చెబుతారు. నేను మోటారు సైకిలు మీద చింతామణి వెళ్ళొచ్చాను కనక దుమ్ము గురించి చెబుతాను. ఆ దారి ఇంకా చూడనివాళ్ళు తలకి ఒక గుడ్డ చుట్టుకుని చదివితే మంచిది.

ముందు మా బండి సంగతి. యుద్ధంలో సైన్యం వాడి, తరవాత వేలంలో వదిలించుకున్న మోటారు సైకిలది. చేతులు మారి మారి చివరికి అనంతపురం హైస్కూల్లో తెలుగు చెప్పుకునే నా దగ్గరికి చేరింది. నాది కృష్ణా జిల్లా. పంచె గోచీ పెట్టి కట్టుకుని అంత బండి మీద బడికి వెళ్ళే తెలుగు పండితుణ్ణి అనంతపురం జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అని నా గర్వం. జిల్లాకి ఒక్కడు చాలని మా ఆవిడ శారద అభిప్రాయం.

శారద పుట్టిల్లు మైసూరు రాష్ట్రంలో చింతామణి. బండి అంటే ఆమెకి మొదటినుంచీ పడదు. దాని చప్పుడు పడదు, పొగ పడదు, కొంగు ఎక్కడ చక్రంలో పడుతుందోనన్న భయం ఒకటి. పోయిన వేసవి సెలవుల్లో పుట్టింటి ప్రయాణం అనుకున్నప్పుడు, బస్సులెందుకు, బండి మీద వెళ్దామన్నాను. చాలాసేపు ఆలోచించి షరతు పెట్టింది.

"సరే, మా ఊరు చేరేదాకా దాని మీదనే కూర్చుంటా. కానీ దారిలో అది నిలిచిపోయి నేను బస్సు ఎక్కాల్సి వస్తే, దాన్ని మా ఊర్లోనే అమ్మేసి రావాల. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక తెలిసింది, మా మామగారు చింతామణిలో కొనేవాణ్ణి కూడా చూసిపెట్టారని. అశ్వత్థప్ప అని, పట్టుపురుగులు పెంచే రైతు. మేం వచ్చే రోజున వాళ్ళ అరుగు మీదే కూర్చుని ఉంటాడట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బండి ఆగకముందే బేరం కుదిరిపోయింది!

మీరు నవ్వవచ్చు గానీ ఆ బండి పోతుందంటే నాకు నిజంగా గుండెల్లో రాయి పడింది. బళ్ళో రోజంతా నేను గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చునే మనిషిని. సాయంత్రం ఆ బండి ఎక్కి ఊరి బయటికి వస్తే, ఎటు పోవాలో నేనే చెప్పగల మనిషిని. అంత సుఖం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

బాగేపల్లి: మింగవలసిన భోజనం

కొడికొండ దాటాక బండి దగ్గడం మొదలుపెట్టింది. దిగి చూస్తే, ఇంజను పక్కన నా మోకాలి దగ్గర ఉండాల్సిన గుండ్రటి రేకు డబ్బా లేదు. పట్టీ తెగి దారిలో ఎక్కడో పడిపోయింది. దాన్నే ఎయిర్ క్లీనర్ అంటారు. ఇంజను పీల్చే గాలిలోంచి దుమ్ముని వడకట్టడం దాని పని. అది లేకపోతే దుమ్మంతా నేరుగా లోపలికి పోయి, రోట్లో ఇసక పోసి రుబ్బినట్టు ఇంజనుని అరగదీస్తుంది. వెనక్కి వెళ్ళి చాలా దూరం వెతికాం. దొరకలేదు.

దగ్గుకుంటూనే బాగేపల్లి చేరాం. సరిహద్దు దాటామని చెప్పడానికి బోర్డులన్నీ కన్నడంలోకి మారాయి గానీ తిట్లు మాత్రం తెలుగులోనే ఉన్నాయి. హోటల్లో కాఫీ ధర నయాపైసల్లో రాసి ఉంది, అడిగితే అణాల్లో చెప్పారు, చేతికొచ్చిన చిల్లర ఆ రెండు లెక్కల్లో దేనికీ కలవలేదు. కాఫీ మాత్రం మా బెజవాడ కాఫీని తలదన్నేలా ఉంది.

భోజనానికి రాగి ముద్ద పెట్టారు. పిడికిలంత ముద్ద, పొగలు కక్కుతూ, పక్కన కారంకారంగా సొప్పు చారు, అంటే ఆకుకూర చారు. నేను అలవాటు కొద్దీ నమలబోయాను. వడ్డించే ఆయన చెంబు కింద పెట్టి మరీ నా దగ్గరికి వచ్చాడు.

"నమలగూడదప్పా! చారులో అద్ది మింగాల. నమిల్తే పండ్లకి అంటుకుంటాది, రుచీ పోతాది."

మా వైపు పిల్లలు అన్నం నమలకుండా మింగితే వీపు మీద ఒకటి పడుతుంది. ఇక్కడ నమిలితే తప్పు. శారద నాకు ఎదురుగా కూర్చుని గుటుక్కు గుటుక్కున మింగుతూ, పుట్టింటి గాలి తగిలిన మొహంతో నన్ను చూసి నవ్వింది. నేను మూడో ముద్దకి గాని దారిలో పడలేదు.

హోటలు పక్కనే లారీలు బాగుచేసే షెడ్డు. మేస్త్రీ పేరు బాషా. గొంతు పెద్దది, ధైర్యం అంతకన్నా పెద్దది.

"గాలి జల్లెడ లేకుండా యాడికి పోతాండారు సార్?" అని గద్దించాడు. ఎయిర్ క్లీనర్‌కి ఆ ప్రాంతంలో అంత చక్కని పేరుందని అప్పుడే తెలిసింది. "ఈ రోడ్డు మీద ఇట్లనే పోతే పిస్టన్ పిండి అయిపోతాది. ఉండండి, లారీకి ఎట్లుంటాదో అట్లే చేసిస్తా."

లారీకి ఉండేదాంట్లో అడుగున నూనె ఉంటుందట. గాలి ఆ నూనెని తాకి పోతుంటే దుమ్ము నూనెలో చిక్కుకుపోతుందట. బాషా ఒక వంటనూనె డబ్బా తెచ్చి, అడుగున ఇంజను నూనె పోసి, పైన కొబ్బరి పీచు కూరి, గొట్టం తగిలించి, ఇనప తీగతో బండికి బిగించాడు. బండి దగ్గు ఆపేసింది. బాషా మీసం దువ్వాడు. నేను కూడా దువ్వాను.

లారీ మలుపులో వంగదు, మోటారు సైకిలు వంగుతుంది. ఈ తేడా మా ఇద్దరికీ తట్టలేదు.

పేరేసంద్ర: నూనెకి పిండి మందు

పేరేసంద్ర ఇంకాస్త దూరంలో ఉందనగా ఒక గొర్రెల మంద రోడ్డుకి అడ్డం వచ్చింది. నేను బండిని వాటంగా పక్కకి వంచి మందని తప్పించాను. గొర్రెలకి ఏమీ కాలేదు. డబ్బాలో నూనె మాత్రం వెనక కూర్చున్న శారద చీర మీదికి, మడమలదాకా, ధారగా దిగింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

ఆమె ఒక్క మాట అనలేదు. ఇంజను చప్పుడు ఆగితే నాకు భయం లేదు గానీ శారద చప్పుడు ఆగితే భయం.

రోడ్డు పక్కనే పెంకుటిల్లు. పెద్ద రైతు కుటుంబం, వాకిట్లో రెండు జతల ఎద్దులు. ఇంటి ఇల్లాలు నారాయణమ్మ అరుగు మీద రాగి పిండి జల్లిస్తూ మమ్మల్ని చూసి, ఎవరు ఏమిటని అడగకుండా శారదని చెయ్యిపట్టి లోపలికి తీసుకుపోయింది. తన నేత చీర ఒకటి కట్టబెట్టి, నూనె చీర మీద గుప్పెడు పిండి చల్లి రుద్దింది.

"నూనెకి పిండే మందమ్మా. ముందు ఇది పీల్చుకుంటాది, ఆ తర్వాత కుంకుడు రసం పోసి ఉతికితే మరక ఉండదు." తరవాత నా వైపు తిరిగింది. "ఏమప్పా, మేష్ట్రుమాదిరి కనిపిస్తాండావు. ఆడమనిషిని ఎక్కించుకొని నూనె డబ్బా పక్కన కట్టుకుంటారా ఎవురైనా?"

మా వైపు పరాయి ఇంటి అల్లుణ్ణి కొత్త మనిషి అంత మాట అనదు. ఇక్కడ అనేసి, వెంటనే చెంబుడు మజ్జిగ, దోసెడు వేయించిన చెనిక్కాయలు (మా వేరుశెనగలే) చేతిలో పెడతారు. మజ్జిగలో కొత్తిమీర, పచ్చిమిరప నూరి వేసింది. తిట్టు ఎప్పుడు దిగిపోయిందో తెలియలేదు.

నూనె డబ్బా తనకిమ్మని తీసుకుని, ఎడ్లబండి ఇరుసుకి పనికొస్తుందని లోపల పెట్టుకుంది. నా ఉత్తరీయం నాలుగు మడతలు వేసి ఇంజను మూతికి చుట్టి, నడిచినంత వేగంలో చిక్కబళ్ళాపురం చేరాం.

చిక్కబళ్ళాపురం: పిండి పరీక్ష

ఇక్కడ శారద చిన్నమ్మ ఇల్లుంది. రాత్రికి అక్కడే ఉన్నాం. చిక్కబళ్ళాపురంలో ద్రాక్షపళ్ళు మా వైపు వంకాయల్లా గంపల్లో కుప్పపోసి అమ్ముతారు. మా ఊళ్ళో జ్వరం వస్తేగాని ద్రాక్ష చూడం. నేను ఆరోగ్యంగా ఉండి కూడా ఒక గంప తగ్గించాను.

మర్నాడు బజారులో మోటారు సామాన్ల కొట్టుకి వెళ్ళాం. శెట్టిగారు మా బండి మూతి చూసి, ఉత్తరీయం విప్పి, మూడు రకాల గాలి జల్లెడలు బల్ల మీద పెట్టాడు. మొదటిది తళతళలాడే తీగల బుట్ట. రెండోది లోపల మందపాటి కంబళి గుడ్డ బిగించిన డబ్బా. మూడోది నల్లటి రేకు డబ్బా, పైన చుట్టూ చిల్లులు, లోపల చిక్కుపడ్డ జుట్టులా సన్నటి తీగ. చూడ్డానికి ఏమీ బాగాలేదు.

నా చెయ్యి తళతళలాడేదాని మీదికి పోయింది.

"మంచి మాలు సార్, బెంగళూరిది," అన్నాడు శెట్టి. "ఇది పెడితే చప్పుడు కూడా బాగా వస్తాది. మీరు వచ్చేది అర మైలు ముందే తెలుస్తాది."

"ఇప్పుడే కాల్ మైలు ముందు తెలుస్తాండాది," అంది శారద. "ఆ కంబళిది ఇట్లీయండి."

నేను ఇంజనుకి ఊపిరి ముఖ్యమన్నాను. ఆమె శుభ్రం ముఖ్యమంది. మాటా మాటా పెరిగింది. దారిన పోయేవాళ్ళు ఆగారు. ఆ బజారులో మోటారు సైకిలు ఉన్నది నాకొక్కడికే గానీ, దాని ఇంజను గురించి అభిప్రాయం లేనివాడు ఒక్కడూ లేడు. చివరికి శారద కొట్టు లోపలికి చూసి శెట్టిగారి భార్యని అడిగింది:

"అమ్మా, ఒక చేటలో రాగి పిండి తెస్తారా?"

"పిండి ఎందుకమ్మా?" అన్నాడు శెట్టి కంగారుగా. "ఇది మోటారు సామాను!"

"గాలి జల్లెడ అని మీరే కదప్పా అంటాండారు? పిండి పోసి చూడకుండా జల్లెడ ఎవురు కొంటారు?"

జనం ఆమె పక్షం అయిపోయారు. పిండి వచ్చింది. అటువైపు పిండి చల్లాలి, ఇటువైపు నోరు పెట్టి ఇంజనులా గాలి పీల్చాలి. ఇంజను పాత్రకి అందరూ నన్నే ఎన్నుకున్నారు.

తళతళలాడేదాంట్లోంచి పిండి ఏ అడ్డూ లేకుండా వచ్చి నా నోట్లో, ముక్కులో, మీసంలో స్థిరపడింది. నేను తుమ్ముతుంటే ఎవరో "ఇంజను స్టార్టు అయింది" అన్నారు. కంబళిదాంట్లోంచి పిండి రాలేదు. గాలీ రాలేదు. నా కళ్ళు తేలిపోయాయి.

"చూడండి, ఎంత శుభ్రమో!" అంది శారద.

"శుభ్రమే. చచ్చినవాడికి మాత్రం దుమ్ముతో ఏం పని?"

నల్లటి డబ్బాని శెట్టి ఇంజను నూనెలో ముంచి, పూర్తిగా కారనిచ్చి ఇచ్చాడు. పీల్చాను. నూనె కంపు కొట్టింది గానీ పిండి లోపలి తీగలకే అంటుకుపోయింది, ఊపిరి హాయిగా ఆడింది. శారద వేలితో తడిమి చూసి తల ఊపింది. నేనూ ఊపాను. పెళ్ళయ్యాక మేమిద్దరం ఒకే మాట మీద కొన్న మొదటి వస్తువు అదే.

చిన్నమ్మగారి వాకిలి

మా వైపు పనిముట్లకి పూజ దసరాకే. ఇక్కడ అట్లా కాదు. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా పసుపు కుంకుమ పడందే వాడరు.

"కొత్త సామాను కొంటిరి, పసుపు పెట్టకుండా తీస్తారా?" అని చిన్నమ్మ వాకిట్లో కేకేసింది. "అదేమన్నా దొంగసొత్తా? శారదా, గిన్నె తీసుకొని రా!"

నేను లోపల చిత్రాన్నం తింటున్నాను. అది చాలా మంచి చిత్రాన్నం కావడం వల్ల బయట ఏం జరుగుతోందో చూడలేదు. వచ్చి చూస్తే హ్యాండిలుకి బంతిపూల దండ, ముందు దీపానికి గంధం, చక్రాల కింద నిమ్మకాయలు. నా కళ్ళు ఆ అలంకారం దగ్గరే ఆగిపోయాయి. మోకాలి దగ్గరికి దిగలేదు.

చింతామణి రోడ్డు

శిడ్లఘట్టం దాకా బండి పాటలు పాడింది. రోడ్డుకి అటూ ఇటూ రేషం తోటలు, అంటే పట్టుపురుగులకి మేపే మల్బరీ ఆకు తోటలు. ఊరి దగ్గర పట్టుగూళ్ళు ఉడికించే వాసన ఒకటి వస్తుంది. అది ఎట్లా ఉంటుందని అడక్కండి. శారద మాత్రం గుండెల నిండా పీల్చి "మా ఊరి వాసన!" అంది. వెనకనుంచి నా భుజం మీద చెయ్యి వేసి, ఏనాడూ లేనిది, "బండి బాగా పోతాండాదే!" అంది. నేను ఉప్పొంగిపోయాను.

శిడ్లఘట్టం దాటి కొంత దూరం పోయాక నల్లటి పొగ. తరవాత వెక్కిళ్ళు. తరవాత నిశ్శబ్దం. పెట్రోలు చూశాను, ఉంది. ప్లగ్గు తీసి తుడిచాను. తన్ని తన్ని కాలు నొప్పెట్టింది. గాలి జల్లెడ వైపు చూడనైనా లేదు. ఆ పొద్దునే కొన్నాం, అదీ ఇద్దరం కలిసి. దాన్ని అనుమానించడానికి మనసు రాలేదు.

మబ్బు పట్టింది. అంతలో చింతామణి బస్సు వచ్చి మా పక్కనే ఆగింది. కండక్టరు తల బయటికి పెట్టాడు.

"ఎక్కమ్మా, వాన వచ్చేట్లుండాది! సార్ బండి తోసుకొని నిదానంగా వస్తాడు!"

శారద కదల్లేదు. "నేను ఎక్కితే..." అంది.

"తెలుసు," అన్నాను. "ఎక్కు. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

ఎక్కింది. పందెం గెలిచినవాళ్ళ మొహం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఆమెతో చాలా పందాలు ఓడాను. కిటికీలోంచి నన్ను చూసిన మొహం అది కాదు. బస్సు వెళ్ళిపోయింది. రోడ్డు మీద నేనూ బండీ మిగిలాం. నాకు ఏడుపొచ్చింది. వాన మాత్రం రాలేదు.

కొంతసేపటికి ఏడుపు పోయి అక్కసు వచ్చింది. అశ్వత్థప్పకి బండి ఇస్తే ఇస్తాను, ముచ్చటపడి కొన్న కొత్త గాలి జల్లెడ ఎందుకివ్వాలి? ఊడదీసి సంచిలో వేసుకుందామని వంగాను.

దానికి చిల్లులు లేవు! ఉన్న చిల్లులన్నీ పసుపుతో మూసుకుపోయి ఉన్నాయి. తడి పసుపు మీద దారి దుమ్మంతా అతుక్కుని, ఎండి, గోడకి మెత్తినట్టు పెచ్చు కట్టింది. పాపం ఇంజను ఊపిరికి గింజుకుని గింజుకుని పడిపోయింది. ఆ పెచ్చు మీద ఐదు వేళ్ళ గీతలు ఇంకా తెలుస్తున్నాయి. అట్లా ఐదు వేళ్ళూ ఒకేసారి నిండుగా లాగి పసుపు రాసేది మా ఇంట్లో గడపకి శారదే. ఎంత శ్రద్ధగా రాసిందో, ఒక్క చిల్లు వదల్లేదు.

నవ్వొచ్చింది. రేషం తోటకి పారుతున్న కాలవ దగ్గరికి తీసుకెళ్ళి, పుల్లతో గీకి, పంచె చెంగుతో తుడిచి ఒక్కో చిల్లూ తెరిచాను. బిగించి తన్నితే ఒక్క తన్నుకే బండి లేచింది. ఈ సంగతి శారదతో చెప్పకూడదని దారిలోనే నిశ్చయించుకున్నాను. దేవుడి పేరున ముచ్చటపడి చేసిన పని. చెబితే బాధపడుతుంది, చెప్పి పందెం తిప్పుకోవడం నాకూ బాగుండదు.

అరుగు మీద అశ్వత్థప్ప

చెప్పినట్టే అశ్వత్థప్ప అరుగు మీద ఉన్నాడు. భారీ మనిషి, తెల్లటి తలపాగా. పక్కన మామగారు. బండి చప్పుడు వినగానే అశ్వత్థప్ప లేచి వచ్చి చుట్టూ తిరిగాడు.

"ఇంజను చానా బాగుండాదే! మరి దారిలో ఎందుకు నిలిచిపోయిందప్పా?"

"ఏమోనండి," అన్నాను. "పాత బండి కదా."

శారద వాకిట్లోకి వచ్చింది. బండిని చూసింది, నన్ను చూసింది, తరవాత నా చేతులు చూసింది. మణికట్టు దాకా పచ్చగా ఉన్నాయి. కాలవ నీళ్ళకి పోయే రంగు కాదు పసుపు. ఆమె చూపు నా చేతుల మీదనుంచి శుభ్రంగా తెరుచుకున్న చిల్లుల మీదికి పోయి, మళ్ళీ నా మొహం మీదికి వచ్చింది. నేను మబ్బులు చూస్తున్నట్టు నటించాను.

అంతలో అత్తగారు పళ్ళెంతో వచ్చారు. కూతురూ అల్లుడూ అంత దూరం వచ్చిన బండికి దిష్టి తియ్యాలిగా! దీపానికి బొట్టు పెట్టారు, పెట్రోలు ట్యాంకుకి పెట్టారు, పసుపు గిన్నెలో ఐదు వేళ్ళూ ముంచి ఇంజను పక్కకి వంగారు. శారద ఒక్క అంగలో వచ్చి గాలి జల్లెడకి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"దానికొద్దమ్మా! అది ఊపిరి పీల్చే చోటు."

"కొత్తది కదే?"

"కొత్తదే. పొద్దున నేనే పెట్టినా, నిండుగా. దారిలో దానికి ఊపిరాడల్యా. బండిది ఏం తప్పు లేదు, ఆయనదీ లేదు."

అత్తగారికి ఏమీ అర్థం కాలేదు. ముంచిన పసుపు వెనక్కి పోనివ్వడం ఎందుకని శారద చేతి మీదే రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

అశ్వత్థప్పకి మాత్రం బాగా అర్థమైంది. "అట్లయితే బండిలో దోషమే లేదు! ఎంతకిస్తారు చెప్పప్పా," అని నా వైపు తిరిగాడు.

నేను శారద వైపు చూశాను. పందెం పందెమే. ఆమె బస్సు ఎక్కింది.

బొట్టు పెట్టిన చెయ్యి అక్కణ్ణుంచి తీయకుండానే ఆమె అంది: "ఇది ఇచ్చేది కాదప్పా. సెలవులైనాక నేను అనంతపురం పోవాల్సింది దీని మీదనే."